కొనుక్కున్న బూజు

"బూజు కొనుక్కొచ్చారే మీ అక్కావాళ్ళు!"

2024 అక్టోబరులో ఓ తెల్లవారుజామున ఫోనెత్తగానే అమ్మ అన్న మొదటి మాట ఇది. అప్పటికి మూడు నెలలుగా అమ్మ అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, అక్క దగ్గర ఉంది. నేను తిరువూరులో మా ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. అక్కడ సాయంత్రం ఏడైతే ఇక్కడ తెల్లారి అయిదున్నర. ఆ వేళకి అమ్మ రోజూ ఫోన్ చేసేది. ఆ రోజు తన మొహం చూపించకుండా ఫోన్ని గది వైపు తిప్పింది. మెట్ల పక్క చట్రానికీ, పుస్తకాల అలమరకీ, దీపం తొడుగుకీ తెల్లటి సాలెగూళ్ళు వేలాడుతున్నాయి. గోడ మీద నల్ల కాగితంతో కత్తిరించిన గబ్బిలాలు. సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న ప్లాస్టిక్ అస్థిపంజరం. భోజనాల బల్ల మీద కళ్ళూ నోరూ కోసి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ.

"సంచీ మీద ధర కూడా వేశారు చూడు. బూజుకి ధర!" అని అమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు విని చాలా కాలమైంది నేను.

అమ్మకీ బూజుకీ ఉన్న సంబంధం తెలిస్తే గానీ ఆ నవ్వు అర్థం కాదు. పెళ్ళై తిరువూరు వచ్చిన దగ్గర్నుంచీ ఏటా ధనుర్మాసంలో అమ్మ తలకి పాత చీర ముక్క చుట్టుకుని, వెదురుగడకి కొబ్బరీనెల చీపురు కట్టి, దూలాల మధ్య బూజు దులిపేది. మాది అప్పట్లో పెంకుటిల్లు. పక్క వీధి నుంచి ఒకామె సాయానికి వచ్చేది. ఇద్దరూ రోజంతా దులిపి, కడిగి, అలికి, ముగ్గేసి... సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి, దగ్గుతూ కూర్చునేవాళ్ళు. ఇల్లలకగానే పండగ కాదని సామెత. పి. సత్యవతి గారు ఆ సామెతని తిప్పి చూసి 'ఇల్లలకగానే' కథ రాశారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. ఎం.ఏ.లో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అమ్మే. అమ్మతో కలిసి దులిపిన ఆ రెండో ఆవిడ పేరు మాకెవరికైనా సరిగ్గా తెలుసా అన్న ప్రశ్న మాత్రం అప్పుడు రాలేదు. రావలసింది.

అంత కష్టపడి వదిలించుకున్న దాన్ని కూతురు డబ్బిచ్చి కొని, కుర్చీ ఎక్కి మరీ అంటించుకుంటోంది. అమ్మకి నవ్వు రాదూ?

హాలోవీన్ గురించి మనకి తెలిసింది తక్కువ. వేషాలేసుకున్న పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలడుక్కోవడం అంతే. అక్టోబరు 31, క్రైస్తవుల సకల పునీతుల పండుగకి ముందు రాత్రి. దానికీ వెనక ఐర్లండు, స్కాట్లండుల్లో పంటలు ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే సంధికాలపు పండుగ ఒకటుంది, సావిన్ అని. ఆ రాత్రి చచ్చిపోయినవాళ్ళకీ బతికున్నవాళ్ళకీ మధ్య తలుపు కాస్త తెరుచుకుంటుందని వాళ్ళ నమ్మకం. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండు నుంచి వలస వెళ్ళినవాళ్ళు దాన్ని అమెరికాకి పట్టుకెళ్ళారు. సొంత ఊళ్ళో టర్నిప్ దుంపని తొలిచి దీపం పెట్టేవాళ్ళు, అక్కడ గుమ్మడికాయ దొరికితే దాన్ని తొలిచారు.

నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. వీధిలో కుర్రకారు అల్లరిగా ఉన్న పండుగ ఇంటి లోపలికి, నట్టింట్లోకి ఎలా వచ్చింది? మసాచుసెట్స్‌లో డెనిసన్ అనే కాగితాల కంపెనీ ఉండేది. ముడతల రంగుకాగితం అమ్మేది. 1909లో ఆ కంపెనీ 'బోగీ బుక్' అని ఒక చిన్న పుస్తకం వేసింది. 1912 నుంచి ఏటేటా వేసింది. హాలోవీన్‌కి గది ఎలా అలంకరించాలి, బల్ల మీద ఏం పరచాలి, నల్లపిల్లుల్ని, గబ్బిలాల్ని ఎలా కత్తిరించాలి, అతిథులకి ఏ ఆటలు పెట్టాలి... అన్నీ అందులో ఉంటాయి. ఎవరికోసం రాశారో వేరే చెప్పాలా? ఇంటి ఇల్లాలి కోసం. భయాన్ని కూడా శుభ్రంగా, ముచ్చటగా, కంపెనీ కాగితంతో అమర్చే పని ఆమెకి అప్పగించారు. (బోగీ అంటే వాళ్ళకి దెయ్యం. మన భోగితో ఏ చుట్టరికమూ లేదు గానీ ఆ పేరు చూసి నేను కాసేపు మురిసిపోయాను.) అంటే అక్క కుర్చీ ఎక్కి బూజు అంటించడం వెనక నూరేళ్ళ పైబడిన చరిత్రుంది. ఉద్యోగం చేసొచ్చి, వంట చేసి, రాత్రి పదింటికి గబ్బిలాలు కత్తిరిస్తోంది అక్క. బావగారు నిచ్చెన పట్టుకున్నారట.

మనకి దెయ్యాల పండుగ లేదంటారు గానీ మన గుమ్మాలు చూడండి. తిరువూరు సెంటర్ నుంచి మా ఇంటికి నడిచే దారిలో బూడిద గుమ్మడికాయ వేలాడని వాకిలి తక్కువ. కట్టే ఇళ్ళకి దిష్టిబొమ్మలు సరేసరి. దీపావళి సాయంత్రం మా చిన్నప్పుడు గోగుకర్రలకి నూనెగుడ్డలు చుట్టి వెలిగించి దివిటీలు కొట్టించేవాళ్ళు. మహాలయానికి వచ్చిన పెద్దలు తిరిగి వెళ్ళడానికి దారి చూపడమని నాయనమ్మ చెప్పేది. నవంబరు 2న కేథలిక్కులు సమాధుల పండుగ చేస్తారు. సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్ళు రావడం, పోవడం ఇక్కడా ఉంది. తేడా ఒక్కటే. మనం వాళ్ళని గుమ్మం బయటే ఆపుతాం, లేదా శ్మశానం దాకా వెళ్ళి పలకరించి వస్తాం. సోఫాలో కూర్చోపెట్టం.

1990లలో మన ఊళ్ళల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్త. మా వీధిలో ఇంటింటికీ తలుపు మీద ఉన్న ఆ మాట పైకి చదువుతూ బడికి వెళ్ళేదాన్ని. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి ఇంట్లోవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. పలికితే చావే. తలుపు మీద రాసింది చదివి వెనక్కి వెళ్ళిపోతుందట. పాపం, చదువుకున్న దెయ్యం. చెప్పిన మాట వినే దెయ్యం కూడా. రేపు రమ్మంటే రేపే వస్తుంది, రేపొచ్చి మళ్ళీ అదే చదువుకుని పోతుంది. మగవాడెవరినీ అలా రేపు రమ్మని రాసిన తలుపు నేను చూడలేదు.

గుమ్మం బయట నిలబెట్టడం అనే మాటకి వచ్చాను కాబట్టి మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఇంట్లో సంక్రాంతికి మూడు రోజులు బొమ్మల కొలువు. అయిదు మెట్లు, వాటి మీద తెల్ల దుప్పటి. ఎక్కువ బొమ్మలు కొండపల్లివి. తిరువూరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు కొండపల్లి మీదుగానే పోతుంది గనక నాన్న పనిమీద వెళ్ళినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చేవాడు. తెల్లపొణికి కర్ర, చింతగింజల పొడితో చేసిన మక్కు, వెనక్కి తిప్పి చూస్తే రంగు అంటని చోట కర్ర వాసన. పై మెట్టు మీద దశావతారాలు, కింద ఏనుగు అంబారీ, ఇంకా కింద తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రోట్లో దంచే ఆడవాళ్ళు, ఎడ్లబండి. దేవుళ్ళు పైన, పనిచేసేవాళ్ళు కింద. ఆ మెట్లలో ఉన్న కులాల వరస నాకు పీహెచ్‌డీ చేసేటప్పుడు గానీ కనబడలేదు. కనబడ్డాక అమ్మకి చెప్పాను. "అయితే ఈసారి గీతగాణ్ణి పైన పెట్టు, ఎవరొద్దన్నారు?" అంది. నిజంగానే పైన పెట్టాం ఆ ఏడు. పేరంటానికొచ్చినవాళ్ళలో ఒక్కరూ గమనించలేదు.

అమ్మకి ఆ కొలువు ఒక రాజ్యం. నాన్నకి గానీ, నాయనమ్మకి గానీ అందులో మాట చెల్లేది కాదు. బూజు దులపడం, అలకడం ఎవరికోసమో చేసిన పనులు. కొలువు మాత్రం తన కోసం చేసేది. ఎక్కడ ఏ బొమ్మ ఉండాలో గంటలకొద్దీ చూసుకునేది. అద్దం ముక్కతో చెరువు, దాని చుట్టూ మెంతులు మొలకెత్తించి పొలం. సాయంత్రం వీధిలో ఆడవాళ్ళు వచ్చి, పసుపు రాయించుకుని, శనగలూ తాంబూలమూ తీసుకుని, బొమ్మల్ని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆ మెచ్చుకోళ్ళు సంవత్సరమంతా నెమరేసుకునేది.

2018లో నాన్న పోయాడు. పదోరోజు జరిగే వాటిని నేను వర్ణించను. చాలామంది చదివే ఉంటారు, కొందరు చూసే ఉంటారు. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి బొమ్మల ట్రంకు పెట్టె దించలేదు. ఏటిసూతకం కదా అనుకున్నాను. తర్వాత ఏడాదీ దించలేదు. అడిగితే "పేరంటం ఎవరు చేస్తారే?" అంది. కొలువు పెడితే పేరంటం ఉండాలి, పేరంటానికి పిలిచేది ముత్తైదువ అవ్వాలి. ఎవరూ నోరు తెరిచి వద్దనలేదు. వద్దనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక పూర్తి అధ్యాయం తెలుగు కథల్లో భర్త పోయిన స్త్రీల గురించి. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు రాజమండ్రిలో జరిపించిన మొదటి వితంతు వివాహంతో మొదలవుతుంది అది. పెళ్ళి అనే ఒక్క మార్గం తప్ప ఆ స్త్రీకి ఇంట్లో, పండగలో, పదిమందిలో ఉండే చోటు గురించి సంస్కర్తలు ఎక్కువగా ఆలోచించలేదని వాదించాను. మౌఖిక పరీక్షలో దాన్నే మెచ్చుకున్నారు. ఆ అధ్యాయం రాస్తున్న శీతాకాలంలోనే మా ఎదురింటివాళ్ళు కొలువు పెట్టి పేరంటానికి పిలిచారు. గుమ్మం దాకా వచ్చి నాకు బొట్టు పెట్టి పిలిచారు. పక్కన నిలబడ్డ అమ్మని, "మీ అమ్మాయిని పంపండి పిన్నిగారూ" అన్నారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. శనగలు తీసుకొచ్చి అమ్మకిచ్చాను. అమ్మ వాటిని తాలింపు వేసింది. ఇద్దరం తిన్నాం. ఏమీ జరగనట్టే తిన్నాం. ఆ రాత్రి నేను ఆ అధ్యాయంలో రెండు పేజీలు రాశాను, బాగా వచ్చాయి కూడా.

ఫ్రిస్కోకి తిరిగొస్తాను. అక్క అక్కడ దసరాకి కొలువు పెడుతుంది. తమిళ, కన్నడ స్నేహితులందరూ అప్పుడే పెడతారు గనక తనూ మార్చుకుంది. మెట్లు ప్లాస్టిక్‌వి, విడదీసి డబ్బాలో పెట్టుకునేవి. 2024 దసరాకి అమ్మ అక్కడే ఉంది. పేరంటాళ్ళు వచ్చే రోజు శనగలు తనే ఉడికించింది, తనే తాంబూలాలు సర్దింది. తలుపు గంట మోగేసరికి మేడ మీద గదిలోకి వెళ్ళి కూర్చుంది. "ఎవరూ వెళ్ళమనలేదే, నేనే వెళ్ళా. వాళ్ళకెందుకు ఇబ్బంది" అంది నాతో. అక్క కింద పాటలు పాడుతోంది. నేను అక్క మీద మండిపడ్డాను. అక్క, "నువ్వు ఎదురింటికి వెళ్ళినప్పుడు?" అని ఒక్క ముక్క అంది. ఫోన్ పెట్టేశాను.

దసరా అయి వారం దాటినా ఆ మెట్లు తీయలేదు. అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. దానికి మెట్లు చూస్తే ఒక ఆలోచన వచ్చింది. "అమ్మమ్మా, హాలోవీన్‌కి కూడా కొలువు పెడదాం" అంది. తెల్ల దుప్పటి తీసి నల్లది పరిచారు. ఇద్దరే కూర్చుని రెండు రోజులు సర్దారు. పై మెట్టు మీద పుర్రె. కింద చిన్న చిన్న సమాధిరాళ్ళు, అగ్గిపెట్టె అట్టలతో అమ్మ చేసినవి. ఒక మెట్టు మీద కొండపల్లి దంచే ఆడవాళ్ళ పక్కన రెండు అస్థిపంజరాలు, అవీ దంచుతున్నట్టే చేతులు వంచి. అద్దం ముక్క చెరువు మళ్ళీ వచ్చింది, అందులో ఒక చెయ్యి పైకి లేచి ఉంది.

సాలెగూడు వేసింది అమ్మే. ఆ సంచీలో వచ్చేది పాలియెస్టర్ పోగుల ముద్ద. దాన్ని వేళ్ళతో పీకి, సాగదీసి, అంచులకి తగిలించాలి. అక్క వేస్తే ముద్దలు ముద్దలుగా దూది అంటించినట్టే ఉందట. అమ్మది తిరువూరు చెయ్యి. మా చుట్టూ పత్తి చేలు. గింజ తీసిన పత్తిని వేళ్ళ మధ్య పొరలు పొరలుగా సాగదీసి కార్తీకమాసానికి మూడువందల అరవై అయిదు వత్తులు చేసే చెయ్యి. ఆ ముద్దని అలా అలా లాగి, గాలికి కదిలేటంత పల్చటి పొర చేసి మెట్ల చట్రం పొడుగునా వేసింది. పక్కింటి అమెరికనావిడ వచ్చి చూసి, ఎలా చేశారని నేర్పించుకుని వెళ్ళిందట. ఈ సంగతి అమ్మ నాకు మూడు రోజులు వరసగా చెప్పింది.

ఆ సంవత్సరం దీపావళీ, హాలోవీనూ ఒకే రోజు పడ్డాయి, అక్టోబరు 31. బయట గుమ్మం దగ్గర ప్రమిదలు, గుమ్మడికాయ దీపాలు పక్కపక్కనే. పిల్లలకి మిఠాయిలు పంచే పని అమ్మది. తలుపు పక్కన కుర్చీ వేసుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలుపు తీసి లోపలికి రమ్మని కొలువు చూపించింది. చిన్న చిన్న మంత్రగత్తెలు, పులులు, రాకుమార్తెలు... ఎవరూ ఆమె నుదురు చూడలేదు. బొట్టు ఉందో లేదో చూసుకుని అడుగుపెట్టే పండుగ కాదది. అశుభమంతా ముందే లోపల కూర్చుంది, ఇంక ఎవరి వల్ల ఏ అశుభం వస్తుంది?

ఒక పిల్లాడు అమ్మ లేత రంగు నూలుచీర చూసి ఇదేం వేషం అని అడిగాడట. అమ్మకి ఆ ఇంగ్లీషు అర్థమైంది. "అమ్మమ్మ" అని చెప్పిందట. వాడు తల పంకించి మిఠాయి తీసుకుపోయాడు. అమ్మ నవ్వుతూ చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు. ఆరేళ్ళుగా వేసుకున్నది వేషమని పసివాడొకడు కనిపెట్టాడు.

దీన్నంతా నేను మెచ్చుకుని ఊరుకోలేను. ఆ ఇంట్లోనే తలుపు వెనక ఇంకొక బొమ్మ ఉంది. కొక్కి ముక్కు, నల్ల గౌను, మొనదేలిన టోపీ, చేతిలో చీపురు. నవ్వుతుంది, చప్పట్లు కొడితే ఇంకా గట్టిగా నవ్వుతుంది. ఎవరీవిడ? వయసు మళ్ళి, మగదిక్కు లేక, ఊరి చివర ఒంటరిగా బతికే ఆడది. 1692లో మసాచుసెట్స్‌లోనే, సేలంలో, మంత్రగత్తెలన్న నేరానికి పందొమ్మిది మందిని ఉరి తీశారు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు. అందరికంటే ముందు పట్టుకున్న ముగ్గురిలో ఒకామె బానిస, ఒకామె ఇంటింటా అడుక్కునే మనిషి, ఒకామె భర్త పోయాక తన దగ్గర పనిచేసే అతన్ని పెళ్ళి చేసుకున్న మనిషి. మూడు నేరాలూ మనకి తెలిసినవే కదా! అక్కడ మూడు శతాబ్దాలకి అది నవ్వులాట బొమ్మయింది. మన దగ్గర ఇంకా బొమ్మ కాలేదు. చిల్లంగి పెట్టిందని, బాణామతి చేసిందని ఆడవాళ్ళని చెట్టుకి కట్టిన, పళ్ళు ఊడగొట్టిన, చంపిన వార్తలు నేను పత్రికల్లో చదువుతూనే పెరిగాను. అమ్మకి ఆ బొమ్మ నచ్చలేదు. ఎందుకంటే చెప్పలేదు. రోజూ ఉదయం దాన్ని గోడ వైపు తిప్పేదట, పాప వచ్చి ఇటు తిప్పేదట.

2025 జనవరి మొదటి వారంలో అమ్మ తిరువూరు వచ్చింది. పెట్టె విప్పితే చీరల మధ్య రెండు సంచుల బూజు, కాగితంలో చుట్టిన చీపురు బొమ్మ! గోడ వైపు తిప్పిందాన్నే పాప తాయిలంగా కట్టి ఇచ్చిందట. బూజు ఎందుకు తెచ్చావంటే, వత్తులకి పనికొస్తుందేమో చూద్దామని అంది. చూసింది కూడా. కరిగి, ప్లాస్టిక్ కంపు కొట్టింది. పారేసింది.

భోగి నాడు పొద్దున నేను నిద్రలేచేసరికి ట్రంకు పెట్టె హాలు మధ్యలో ఉంది. ఒక్కతే ఎలా దించిందో తెలీదు. "పేరంటం పెట్టను" అంది నేనేమీ అడక్కముందే. "పిల్లల్ని పిలుద్దాం. వాళ్ళకి పప్పుబెల్లాలు పెడదాం." దసరాకి అయ్యవార్లు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగి పప్పుబెల్లాలు పెట్టించుకున్న రోజులు అమ్మ చూసింది. దానికీ ఫ్రిస్కోకీ మధ్య ఏదో లెక్క వేసుకుంది తన మనసులో. నేను పేరంటం పెట్టాల్సిందే, ముత్తైదువలు కానివాళ్ళని కూడా పిలుద్దాం, ఒక మాట అనుకుందాం అని వాదించబోయాను. వ్యాసంలా మాట్లాడుతున్నానని నాకే తెలిసి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ విషయంలో అమ్మది రాజీయా, తెలివా నేను తేల్చుకోలేదు.

సంక్రాంతి సాయంత్రం పిల్లలు పదిహేను మంది దాకా వచ్చారు. బూజు దులపడానికి వచ్చిన ఆమె మనవరాళ్ళు ఇద్దరూ వచ్చారు. మా కొలువు ముందు, నట్టింట్లో, వాళ్ళింటివాళ్ళు కూర్చోవడం అదే మొదలని నాకు ఆ క్షణంలో తట్టింది. పిల్లల్ని తీసుకుపోవడానికి తల్లులు వచ్చారు. కొందరు గేటు దగ్గరే నిలబడి కేకేశారు. ముగ్గురు లోపలికొచ్చి బొమ్మలు చూశారు. ఎదురింటావిడ గుమ్మంలో చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విడిచింది.

చివరి మెట్టు మీద ఎడ్లబండికీ గీత కార్మికుడికీ మధ్య నల్ల గౌను బొమ్మ ఉంది. టోపీ తీసేసింది అమ్మ. తల మీద చిన్న పాత చీర ముక్క చుట్టింది. ఒక పిల్ల వేలు పెట్టి చూపించి, "ఈవిడెవరు మామ్మా, దెయ్యమా?" అంది.

"కాదే, బూజు దులుపుతోంది. కళ్ళల్లో పడుద్ది, కాస్త ఇవతలకి జరుగు" అంది అమ్మ.